స్టేజ్ భయం మీద స్టడీ పెడితే స్టేజ్ భయం లేనివాళ్ళే ఎందుకొచ్చారు?

ముందు ప్రశ్న ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా, తర్వాత చదివేవాళ్ళకి తికమక లేకుండా. అడిగినమ్మాయి ఇక్కడే వైజాగ్‌లో ఎమ్మే సైకాలజీ ఫైనలియర్. డిసర్టేషన్ నలుగురి ముందు మాట్లాడాలంటే వచ్చే భయం మీద, అంటే సోషల్ యాంగ్జైటీ మీద. నోటీస్ బోర్డు మీదా వాట్సాప్ గ్రూపుల్లోనూ పోస్టర్ పెట్టింది, "స్టేజ్ ఫియర్ మీద పరిశోధన, ఇద్దరు జడ్జిల ముందు అయిదు నిమిషాలు మాట్లాడాలి, వాలంటీర్లు కావలెను" అని. నలభై మంది దాకా వచ్చారు, తీరా స్కేల్ (భయం ఎంతుందో కొలిచే ప్రశ్నాపత్రం) ఇచ్చి చూస్తే దాదాపు అందరి స్కోర్లూ అడుగునే ఉన్నాయి, భయస్తులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. గైడ్ గారు చూసి "నీ శాంపిలే బయాస్డ్" అన్నారట, అంటే వచ్చినవాళ్ళు ఒక పక్కకే ఒరిగిన రకం, అందరికీ ప్రతినిధులు కారు అని. వాలంటీర్‌గా వచ్చేవాళ్ళ పర్సనాలిటీ నిజంగానే వేరేగా ఉంటుందా, ఉంటే ఈ డేటా అంతా చెత్తబుట్టలోకేనా అని అడుగుతోంది.

సూటిగా జవాబు: ఔను, వేరేగా ఉంటుంది. డేటా పారెయ్యక్కర్లేదు, కానీ మీరు మొదట చెబుదామనుకున్న మాట మాత్రం ఈ డేటాతో చెప్పలేరు. ఇంకోటి, ఇది మీ దురదృష్టం కాదు, మీ పోస్టరే ఆ పని చేసింది. భయపడేవాళ్ళు కావాలని పిలుస్తూ ఆ పిలుపులోనే వాళ్ళు దేనికి భయపడతారో అది పెద్దక్షరాల్లో రాసి పెట్టారు కదమ్మా. గేటుకి "కుక్కలున్నవి జాగ్రత్త" అని బోర్డు పెట్టి, కుక్కలంటే భయమున్నవాళ్ళు లోపలికి దయచేయండి అన్నట్టుంది.

నా సంగతి చెప్పాలంటే, ఇరవై ఆరేళ్ళు ఈ ఊళ్ళో డిగ్రీ, పీజీ పిల్లలకి సైకాలజీ చెప్పాను, ఇప్పుడు రిటైరై ఎమ్వీపీ కాలనీలో కూర్చుని పిల్లల థీసిస్‌లు దిద్దుతున్నా. పాఠాలు చెప్పటం కన్నా ఎక్కువ కాలం గడిచింది మనుషుల్ని పోగుచెయ్యటంలోనే, రేపొస్తానన్నవాళ్ళు రాకపోవటం, రానన్నవాళ్ళు ఫ్రెండ్‌తో పాటు దిగటం, మే నెలలో ఉక్కపోతకి ల్యాబ్‌లో ఏసీ ఉందని తెలిసి ఒకేసారి పదిమంది రావటం, అన్నీ చూశాను. ఆ ఏసీ బ్యాచ్ మాత్రం నాకు చాలా ఇష్టం, ఎందుకొచ్చారంటే నిజం చెప్పారు.

సరే, పుస్తకాల్లో ఏముందో చూద్దాం. ఈ విషయం మీద అందరూ ముందు చెప్పేది రోసెంథాల్, రాస్నో అని ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టుల పేర్లు. 1975లో వాళ్ళు అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ ముందేసుకుని, వాలంటీర్‌గా వచ్చేవాళ్ళకీ రానివాళ్ళకీ తేడాలేంటో పట్టిక వేశారు. గట్టిగా నమ్మొచ్చు అన్నవి అయిదు: చదువు ఎక్కువ ఉంటుంది, సమాజంలో కాస్త పై మెట్టు మీద ఉంటారు, తెలివితేటల పరీక్షల్లో మెరుగ్గా చేస్తారు, నలుగురిలో కలిసిపోయే రకం, ఎదుటివాళ్ళ మెప్పు కోరుకుంటారు. తర్వాతి కాలంలో బిగ్ ఫైవ్ స్కేళ్ళు (మనిషి స్వభావాన్ని అయిదు ముఖ్య గుణాలుగా కొలిచేవి) వచ్చాక కూడా మొత్తమ్మీద అదే దారిలో కనపడింది, ఒప్పుకున్న పని చేసే బాధ్యత ఉన్నవాళ్ళు, కాదనలేని మెతక మనుషులు, కొత్తదంటే సరదా ఉన్నవాళ్ళు ఎక్కువగా వస్తారు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, మామూలు ప్రశ్నాపత్రం నింపే స్టడీల్లో ఈ తేడాలు చిన్నవే. స్టడీ దేని గురించో ఆ విషయమే ఒక స్వభావాన్ని గుచ్చినప్పుడు మాత్రం తేడా బాగా పెరిగిపోతుంది. మీకు జరిగింది అదే.

అందుకే నేను పిల్లలకి చెప్పేది, "వాలంటీర్ పర్సనాలిటీ" అని ఒకటి పట్టుకుని దాని వెనక పడకండి. ఎవరొస్తారు అన్నది మీరు ఏమని పిలిచారు, ఎక్కడ పిలిచారు, ఎప్పుడు పిలిచారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నిద్ర మీద స్టడీ అని బోర్డు పెట్టండి, నిద్ర పట్టనివాళ్ళు వరస కడతారు. నాకు అనుభవమే అది. హాస్టల్ పిల్లల నిద్ర అలవాట్లు చూద్దామని మొదలెట్టాను, వచ్చిన మొదటి పాతిక మందిలో సగం మంది "మేడమ్ రాత్రి మూడింటిదాకా నిద్ర రాదు, ఏమైనా టాబ్లెట్ చెప్తారా" అని అడిగినవాళ్ళే. హాయిగా పడుకునేవాడికి నిద్ర గురించి మాట్లాడాలని ఎందుకుంటుంది, వాడు పడుకునుంటాడు. అంటే ఒక స్టడీలో కష్టమున్నవాళ్ళే వచ్చారు, మీ స్టడీలో కష్టమున్నవాళ్ళే రాలేదు. తేడా ఎక్కడుంది? నిద్ర స్టడీలో వస్తే ఉపశమనం దొరుకుతుందనిపించింది, మీ దాంట్లో వస్తే అవమానం జరుగుతుందనిపించింది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం. 1971లో పేపర్లో ప్రకటన ఇచ్చి, రోజుకి 15 డాలర్లిస్తామని కుర్రాళ్ళని పిలిచి, కొందర్ని ఖైదీలుగా కొందర్ని గార్డులుగా పెట్టారు, రెండు వారాలనుకున్నది ఆరు రోజుల్లో ఆపేశారు. మామూలు మనుషులు కూడా పరిస్థితిని బట్టి క్రూరంగా మారిపోతారని క్లాసుల్లో మేమూ దశాబ్దాలపాటు చెప్పుకొచ్చాం. గార్డులకి ఎలా ఉండాలో ముందే చెప్పిపెట్టారని తర్వాత చాలా విమర్శలొచ్చాయి, అది వేరే కథ. మనకి కావలసింది 2007లో కార్నహాన్, మెక్‌ఫార్లండ్ చేసిన పని. వాళ్ళు రెండు రకాల ప్రకటనలిచ్చారు, ఒకదాంట్లో పాత ప్రకటనలో ఉన్నట్టే "జైలు జీవితం మీద సైకాలజీ స్టడీ" అని, రెండోదాంట్లో ఆ జైలు మాట తీసేసి ఉత్తి "సైకాలజీ స్టడీ" అని. జైలు మాట చూసి వచ్చినవాళ్ళలో దూకుడు, పెత్తనం, స్వార్థానికి మనుషుల్ని ఆడించే గుణం, తనంత వాడు లేడనుకునే గుణం ఎక్కువ తేలాయి, జాలి, సాయం చేసే గుణం తక్కువ తేలాయి. ఒక్క మాట అమ్మా! ప్రకటనలో ఒక్క మాట. గదిలోకొచ్చే మనుషులే మారిపోయారు.

ఇంకా పాతది చెప్తా. అవసరాల పిరమిడ్ గురించి చదువుతాం కదా, ఆ మాస్లో. అమెరికాలో కిన్సీ అనే ఆయన లైంగిక జీవితం గురించి వేలమందిని ఇంటర్వ్యూ చేస్తున్న రోజుల్లో మాస్లోకి అనుమానమొచ్చింది, ఇలాంటి విషయాలు ఎవరో ముక్కూమొహం తెలియనాయన ముందు కూర్చుని చెప్పటానికి ఎవరొస్తారు అని. తన స్టూడెంట్స్‌కి ముందే ఆత్మాభిమానం స్కేల్ ఇచ్చి పెట్టుకుని, ఆ తర్వాత కిన్సీ ఇంటర్వ్యూకి ఎవరెళ్తారో చూశాడు. ఆత్మాభిమానం ఎక్కువున్నవాళ్ళే ఎక్కువగా వెళ్ళారు. అలాంటివాళ్ళు ఈ విషయాల్లో కట్టుబాట్లని అంతగా పట్టించుకోరని ఆయన అంతకుముందే చూసి ఉన్నాడు కాబట్టి, కిన్సీ లెక్కలు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తున్నాయేమో అని 1952లో సకోడాతో కలిసి పేపర్ రాశాడు. మాస్లో చేసిన తెలివైన పని చూశారా, పిలవకముందే అందర్నీ కొలిచి పెట్టుకున్నాడు. మీరు కూడా చెయ్యాల్సింది అదే, కింద చెప్తా.

ఇప్పుడు మెప్పు సంగతి, ఇది నాకు మహా ఇష్టమైన భాగం. ఎవరొచ్చారు అన్నదానితో అయిపోదు, వచ్చినవాళ్ళు గదిలో ఎలా ఉంటారు అన్నదీ దీంతోనే ముడిపడి ఉంది. మార్టిన్ ఓర్న్ అని ఒకాయన 1962లో రాసిందే చూడండి. ఎంత పనికిమాలిన పనిస్తే మనుషులు మానేస్తారో చూద్దామని, కూడికలున్న కాగితాలు 2000 ఇచ్చాడు, ఒక్కో కాగితంలో 224 కూడికలు. చేస్తూ ఉండు, నేను తర్వాతొస్తా అని వెళ్ళిపోయాడు. మానేస్తారనుకున్నవాళ్ళు మానలేదు, అయిదున్నర గంటల తర్వాత ఆయనే విసుగెత్తి ఆపేశాడు. సైన్స్‌కి మంచి జరుగుతుందనుకుంటూ "మంచి సబ్జెక్ట్" అనిపించుకోవటానికి మనిషి అంత కష్టపడతాడు.

ఇలాంటిదే నాకు ఇక్కడ ఫిషింగ్ హార్బర్‌లో ఎదురైంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక కొన్ని నెలలకి, తుఫాను తర్వాత మనుషుల మానసిక స్థితి గురించి అడగటానికి పిల్లల్ని తీసుకుని వెళ్ళాను. మేం వెళ్ళేసరికి మాట్లాడటానికి ముందుకొచ్చింది డ్వాక్రా గ్రూపు లీడరు, ఆవిడ వెనకాల ఆవిడ మాట కాదనని ఓ ఆరుగురు. చేపల తట్ట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, మొదటి ప్రశ్న నేను అడగకముందే ఆవిడ అంది, "ఏటి సెప్పమంటావో సెప్పమ్మా, అదే సెప్తాను." హాస్యానికి కాదు, మనస్ఫూర్తిగానే అంది. నాకు సాయం చేద్దామనే. ఆవిడ జవాబులన్నీ గట్టి మనిషి జవాబులే, ఏం భయం లేదు, దేవుడున్నాడు, గవర్నమెంటు బియ్యం ఇచ్చింది. కాస్త దూరంలో బోటు నీడలో ఒకావిడ వల బాగుచేసుకుంటూ మా వైపు తలెత్తకుండా కూర్చుంది. పిల్లలు వెళ్ళి అడిగితే "మాకెందుకులే అమ్మా" అంది. ఆవిడ ఇల్లు కప్పు మొత్తం పోయిందని తర్వాత పక్కవాళ్ళు చెప్పారు. మా ఫారాల్లో ఆ ఊరు మహా ధైర్యంగా ఉంది!

అందుకని మెప్పు కోసం వచ్చేవాళ్ళు ఎక్కువున్న శాంపిల్‌లో రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఒకటి మనుషులు వేరు, రెండు వాళ్ళు మీకు నచ్చేలా చెప్తారు. మంచిగా కనపడాలనే తపన కొలవటానికి 1960లో క్రౌన్, మార్లో అనే ఇద్దరు తయారుచేసిన స్కేల్ ఉంది, చిన్న వెర్షన్లు కూడా దొరుకుతాయి, మీ ప్రశ్నాపత్రంలో పెట్టుకోండి, పది నిమిషాల పని.

ఇది మన సబ్జెక్టుకే పట్టిన జబ్బు అనుకోకండి. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంక్ వాళ్ళు 2006 నుంచి 2010 దాకా 40 నుంచి 69 ఏళ్ళవాళ్ళని 90 లక్షలమందికి పైగా పిలిస్తే 5 లక్షలమంది వచ్చారు, అంటే నూటికి అయిదారుగురు. వాళ్ళలో పొగతాగేవాళ్ళూ ఊబకాయం ఉన్నవాళ్ళూ మామూలు జనంలో కన్నా తక్కువ. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాడే ఆరోగ్యం స్టడీకి వెళ్తాడు.

ఇక మీ డేటా సంగతి. ఏది దెబ్బతింటుంది, ఏది నిలుస్తుంది అని విడదీసి చూడాలి, అంతా పోయిందనో అంతా బాగుందనో అనకూడదు.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతినేది సగటు. "వైజాగ్ డిగ్రీ విద్యార్థుల్లో సోషల్ యాంగ్జైటీ తక్కువ" అని మాత్రం దయచేసి రాయకండి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుంది కదా, 32 కిలోమీటర్లు. ఆ రాత్రి అప్పుఘర్ దగ్గర మజ్జిగ పంచే టెంట్ పక్కన నిలబడి నడిచేవాళ్ళని మోకాళ్ళ నొప్పులున్నాయా అని అడిగి, ఈ ఊళ్ళో ఎవరికీ మోకాళ్ళ నొప్పుల్లేవని రాస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. నొప్పులున్నవాళ్ళు ఇంట్లో టీవీలో చూస్తున్నారు.

రెండోది కోరిలేషన్, అంటే ఒకటి పెరిగితే ఇంకోటి కూడా పెరుగుతుందా తగ్గుతుందా అనే సంబంధం. స్కోర్లన్నీ అడుగునే ఇరుక్కుపోతే, భయానికీ ఇంకోదానికీ నిజంగా సంబంధం ఉన్నా అది సన్నగా కనపడుతుంది, కొన్నిసార్లు కనపడదు కూడా. కాబట్టి "సంబంధం లేదు" అన్న రిజల్ట్ వస్తే దాన్ని నమ్మకండి.

మూడోది చాలామంది గైడ్లు కూడా చెప్పరు, లేని సంబంధం పుట్టుకురావటం. మా స్టూడెంట్ ఒకబ్బాయి డేటాలో సిగ్గు ఎక్కువున్నవాళ్ళకి బాధ్యత కూడా ఎక్కువ అని వచ్చింది, వాడు గంతులేసి దాని మీద రెండు పేజీల థియరీ రాసుకొచ్చాడు. నేనేమన్నానంటే, నాయనా, ధైర్యస్తుల్లో బాధ్యత ఉన్నవాడూ లేనివాడూ ఇద్దరూ నీ ల్యాబ్‌కి సరదాగా వచ్చేశారు, సిగ్గరుల్లో మాత్రం "మాటిచ్చాను కాబట్టి వెళ్ళాలి" అనుకున్నవాడే వచ్చాడు, బాధ్యత లేని సిగ్గరి ఇంట్లోనే ఉన్నాడు, ఆ ఒక్క మూల ఖాళీ అయిపోయేసరికి నీ గ్రాఫ్ పైకి వంగింది, అంతే. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి ఆ రెండు పేజీలూ తీసేశాడు.

నిలిచేది ఏంటంటే, వచ్చినవాళ్ళనే లాటరీ వేసి రెండు గ్రూపులు చేసి, ఒక గ్రూపుకి ఏదో ట్రైనింగ్ ఇచ్చి ఇంకో గ్రూపుకి ఇవ్వకపోతే, ఆ రెండు గ్రూపుల మధ్య పోలిక చాలావరకు నిలుస్తుంది, ఎందుకంటే ఇద్దరూ ఒకే జల్లెడలోంచి వచ్చినవాళ్ళు. కానీ ఆ ట్రైనింగ్ నిజంగా భయమున్నవాళ్ళకి పనిచేస్తుందా అంటే, వాళ్ళు గదిలోనే లేరు కాబట్టి చెప్పలేం. మీరు అలాంటి డిజైన్ చేసుంటే గైడ్ గారితో ఈ పాయింట్ మాట్లాడండి, చేసిన పనిలో చాలా భాగం నిలబడుతుంది.

ఎప్పుడొచ్చారు అన్నది కూడా రాసి పెట్టుకోండి. సెమిస్టర్ మొదట్లో వచ్చేవాళ్ళకీ చివర్లో వచ్చేవాళ్ళకీ తేడా ఉంటుందని అమెరికా యూనివర్సిటీల్లో 2002లో, మళ్ళీ 2011లో చూశారు, బాధ్యత ఎక్కువున్నవాళ్ళు ముందే పేరిచ్చేస్తారు, అమ్మాయిలు ముందొస్తారు, అబ్బాయిలు చివర్లో పడతారు. మా దగ్గర కూడా సైనప్ షీట్ మొదటి వారం ముందు బెంచీ, పరీక్షల ముందు వారం "మేడమ్ ఇంకా ఉందా అది" అంటూ ఆయాసపడుతూ వచ్చే బ్యాచ్. ఒక పీజీ అమ్మాయి కంట్రోల్ గ్రూపుని (పోలిక కోసం ఏమీ ఇవ్వకుండా ఉంచేవాళ్ళని) ఆగస్టులో పూర్తిచేసి, ఎక్స్‌పరిమెంటల్ గ్రూపుని నవంబర్‌లో చేసింది, సౌకర్యంగా ఉంటుందని. తేడా బ్రహ్మాండంగా వచ్చింది. అది ఎక్స్‌పరిమెంట్ వల్లా, ఆగస్టు మనుషులకీ నవంబర్ మనుషులకీ ఉన్న తేడా వల్లా అని వైవాలో ఎక్స్‌టర్నల్, అంటే బయటినుంచొచ్చిన ఎగ్జామినర్, అడిగితే పాపం నీళ్ళు నమిలింది.

అలా అయితే వాలంటీర్ల గొడవే వద్దు, క్లాసులోకెళ్ళి లెక్చరర్ చేత అందరికీ ఫారాలు పంచేద్దాం అనిపిస్తుంది. మన దగ్గర ఎక్కువమంది చేసేది అదే. దాన్ని వాలంటీర్లు అనటం కూడా తప్పే, పాల్గొనటం ఇష్టపూర్వకంగా ఉండాలి, వద్దన్నా నష్టం ఉండకూడదు అని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్‌లో స్పష్టంగా ఉంది, అటెండెన్స్ రిజిస్టర్ చేతిలో పట్టుకుని "ఇష్టమైతేనే నింపండి" అంటే ఎవడు నమ్ముతాడు. డేటా పరంగా చూసినా లాభం తక్కువ. రానివాళ్ళ బయాస్ తగ్గుతుంది నిజమే, దాని బదులు నిర్లక్ష్యం వస్తుంది. ఒకసారి అలా తెచ్చిన కట్ట విప్పితే వెనక బెంచీ నుంచి వచ్చిన పదకొండు ఫారాల్లో పై నుంచి కిందదాకా అన్నీ "3" టిక్కులే, అన్నీ ఒకే ఆకుపచ్చ పెన్నుతో. ఒకడు పెన్ను పట్టుకుని అందరివీ నింపేశాడన్నమాట. నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ సెక్షన్ మొత్తం పక్కన పెట్టాల్సొచ్చింది.

మన ఊరికి సంబంధించి ఇంకో జల్లెడ ఉంది, భాష. మీ పోస్టర్ ఇంగ్లిష్‌లో కూడా పెట్టానన్నారు కదా, వాట్సాప్‌లో తిరిగింది ఎక్కువ అదే అయ్యుంటుంది. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్న తెలుగు మీడియం పిల్లలు ఆ పోస్టర్ చూడగానే అది తమకి కాదనుకుంటారు. ఇది పర్సనాలిటీ కాదు కదా అంటారేమో, కానీ నలుగురిలో మాట్లాడాలంటే భయానికీ ఇంగ్లిష్ రాదేమో అన్న భయానికీ మధ్య గోడ చాలా పల్చన. మీకు కావలసిన భయస్తుల్లో చాలామంది అక్కడే పోయారు.

ఒక పాత సంగతి గుర్తొచ్చింది. మన ఆంధ్రా యూనివర్సిటీలో 1967లోనే పారాసైకాలజీకి డిపార్ట్‌మెంట్ పెట్టారు, కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. అతీంద్రియ శక్తుల మీద నాకు నమ్మకం లేదు, ఆ గొడవలోకి వెళ్ళను. కానీ ఆ రంగంలో 1940లలో ష్మైడ్లర్ అనే ఆవిడ మొదలెట్టిన ఒక అలవాటు నాకు నచ్చుతుంది, వచ్చినవాళ్ళని ముందే "ఇలాంటివి జరుగుతాయని నమ్ముతావా నమ్మవా" అని అడిగి, నమ్మేవాళ్ళని గొర్రెలని, నమ్మనివాళ్ళని మేకలని పేరెట్టి విడివిడిగా చూడటం. గుమ్మంలోనే అడిగేయటం అన్నమాట. మీరూ ఒక ప్రశ్న పెట్టండి, "ఈ స్టడీకి ఎందుకొచ్చారు?" అని, ఆప్షన్లు ఇవ్వకుండా ఖాళీ గీత. ఫ్రెండ్ లాక్కొచ్చింది, సర్టిఫికెట్ ఇస్తారేమో అని, నా భయం పోతుందేమో అని, ఖాళీగా ఉన్నాను. వీటి మీదే ఒక పేజీ రాయొచ్చు.

ఇప్పుడు మీకు టైం ఎంతుందో తెలియదు, రెండు నెలలున్నాయనుకుని చెప్తున్నా. ముందు పోస్టర్ పీకేయండి. కొత్తదాంట్లో "మాట్లాడటం, ఆలోచించటం మీద స్టడీ" లాంటి చప్పని మాట పెట్టండి, స్టేజ్ అనీ జడ్జిలనీ వద్దు. ఇది మోసం కాదు, ఎందుకంటే వచ్చాక కన్సెంట్ ఫారంలో ఏం చెయ్యాలో మొత్తం తెలుగులో రాసి, చదివి వినిపించి, వద్దంటే వెళ్ళిపోవచ్చని చెప్తారు. అక్కడ వెనక్కెళ్ళినవాళ్ళని బతిమాలకండి, లెక్కపెట్టండి. వెళ్ళేముందు ఒక్క చిన్న స్కేల్ నింపటానికి ఒప్పుకుంటారేమో అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

రెండోది, మాస్లో పద్ధతి. రెండు మూడు సెక్షన్లలో లెక్చరర్ని బయటికి పంపించి, అయిదు నిమిషాల ప్రశ్నాపత్రం ఇష్టమున్నవాళ్ళ చేత నింపించండి, చివర్లో "ఇంకో స్టడీకి పిలిస్తే వస్తారా" అని ఒక గడి. పేరు బదులు వాళ్ళే పెట్టుకునే కోడ్. ఆ తర్వాత పిలవండి. ఇక ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, వాళ్ళ స్కోర్ల తేడా ఎంత అని చేతిలో ఉంటుంది. నిజం చెప్పాలంటే మీ మొదటి నలభై మంది కన్నా ఈ తేడానే ఆసక్తికరమైన డిసర్టేషన్ అవుతుంది, గైడ్ గారు ఒప్పుకుంటే టాపిక్ కాస్త ఇటు తిప్పుకోండి.

గ్రూపుగా పిలవకండి, ఒక్కొక్కరికీ విడిగా టైం ఇవ్వండి. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, చాలా ఏళ్ళ కిందట నేనూ ఇదే తప్పు చేశాను. మా ల్యాబ్ మెట్ల పక్కన ఉండేది. నోటీస్ ముందు ఒకమ్మాయి నిలబడి చదవటం చూశాను, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ. కాగితం కింద కత్తిరించి వేలాడదీసిన నంబర్ల చీటీల్లో ఒకటి చింపుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చి మళ్ళీ చదివింది, నోటీసేమీ మారలేదు. మూడోరోజు గుమ్మం దాకా వచ్చింది, లోపల అప్పటికే వచ్చిన బ్యాచ్ పెద్దగా నవ్వుకుంటున్నారు, చటుక్కున ఫోన్ చెవికి పెట్టుకుని "ఆఁ, వస్తున్నా" అంటూ వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. ఆ ఫోన్ మోగలేదు, దాని స్క్రీన్ నల్లగానే ఉంది, నేను పక్కనే ఉన్నా. లోపల ఆ నవ్వుతున్న బ్యాచ్ అందరూ నా డేటాలో ఉన్నారు.

తర్వాతి వారం నుంచి స్లాట్లు విడివిడిగా పెట్టాను, పొద్దున్న ఎనిమిదిన్నరకి, కాలేజీలో జనం చేరకముందు. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. అలాంటివాళ్ళు ఇంకో నలుగురు వచ్చారు, ఒకమ్మాయి అయితే మాట్లాడే పని మధ్యలో ఆపేసి "ఇంతే వచ్చు మేడమ్" అంది, ఆ రెండున్నర నిమిషాలు నాకు మిగతా డేటా అంతటికన్నా ఎక్కువ నేర్పాయి.

డబ్బులిస్తే అన్నిరకాలవాళ్ళూ వస్తారా అని కూడా అడిగారు. కొంతవరకు. చిన్న మొత్తం, ఆటో చార్జీలో టీ ఖర్చులో, ఇస్తే ఆసక్తి లేనివాళ్ళు కూడా వస్తారు, అది మంచిదే. కానీ భయం యాభై రూపాయలకి పోదు. పెద్ద మొత్తం పెడితే డబ్బు అవసరమున్నవాళ్ళు ఇష్టం లేకపోయినా తలూపుతారు, అది ఇంకా తప్పు. రోసెంథాల్, రాస్నో కూడా పిలుపు భయపెట్టకుండా ఉండాలని, చిన్నపాటి కానుక ఇవ్వచ్చని, స్టడీ ఎందుకు ముఖ్యమో చెప్పాలని సలహా ఇచ్చారు, నాకు తెలిసి వీటిలో మొదటిది చేస్తే సగం పని అయినట్టే.

లిమిటేషన్స్ చాప్టర్‌లో "శాంపిల్ చిన్నది, వాలంటీర్ బయాస్ ఉండవచ్చు" అని అందరూ రాసే ఆ ఒక్క లైన్ మాత్రం రాయకండి, దాన్ని ఎవరూ చదవరు. బయాస్ ఎటువైపు ఉందో రాయండి: పోస్టర్‌లో ఈ మాట ఉంది, దానివల్ల ఎక్కువ భయమున్నవాళ్ళు రాలేదు, కాబట్టి మా సగటు అసలుకన్నా తక్కువ ఉండొచ్చు, మా కోరిలేషన్లు అసలుకన్నా బలహీనంగా కనపడి ఉండొచ్చు. పోస్టర్ ఫొటో అనుబంధంలో పెట్టండి. ఎంతమందికి చేరింది, ఎంతమంది పేరిచ్చారు, ఎంతమంది వచ్చారు, ఎంతమంది మధ్యలో వెళ్ళారు, నాలుగు అంకెలు. ఎక్స్‌టర్నల్ ఎవరైనా సరే, ఇది చూస్తే రెండో ప్రశ్న వెయ్యటానికి ఆలోచిస్తారు.

కొత్త పోస్టర్ రాశాక ఇక్కడే కింద పెట్టండి, చూసి చెప్తా. ఇంకొకటి, ఆ ఇద్దరు జడ్జిలుగా ఎవర్ని కూర్చోబెడుతున్నారో కూడా రాయండి, మీ క్లాస్‌మేట్స్ అయితే మాత్రం వాళ్ళ పేర్లు చూసే సగం మంది ఆగిపోయి ఉంటారు.